నీళ్ళ బల్బు

జిల్లాలో ఉన్న సమస్యలన్నిటినీ ఇకమీదట తామే స్వయంగా నొక్కేస్తామని సహాయమంత్రి శ్రీ సన్యాసిరాజుగారు విశాఖపట్నంలో విలేకరుల ముందు ప్రకటించారు. విలేకరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతకు ముందున్న మంత్రులు నొక్కలేదని కాదు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు నొక్కారు. కానీ ముందుగా కబురు పెట్టి, కాఫీ, జీడిపప్పు పకోడీ ఇచ్చి, ఫలానా రోజు నుంచి నొక్కుతానని చెప్పిన మహానుభావుణ్ణి చూడటం ఆ ఊరికి అదే మొదలు.

మంత్రిగారి వెనక ఫైలు పట్టుకుని నిలబడ్డ పి.ఏ. శ్రీరామ్మూర్తి మాత్రం ఆ మాటకి లోలోపల పొంగిపోయాడు. అతనికీ ఒక సమస్య ఉంది. అది ఎనభై మూడో సంవత్సరం వేసవి. అతనుండే మెట్ట కాలనీలో కుళాయి తిప్పితే గాలి వస్తోంది. పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చే ఎర్రటి ఖనిజం దుమ్ము గిన్నెల మీదా, మంచాల మీదా, పిల్లల జుట్టులోనూ పేరుకుంటోంది; కడుక్కుందామంటే చుక్క లేదు. పొద్దున్నే అతని భార్య గౌరీశ్వరి కేరేజీ చేతికిస్తూ తేల్చి చెప్పేసింది.

"నువ్వు మంత్రిగోరి కాడ ఉజ్జోగం సేత్తన్నావని కాలనీ అంతా నన్నే అడుగుతన్నారు మావా. సోమారం నాటికి కుళాయిలో నీళ్ళు రాకపోతే పిల్లల్నట్టుకుని నాను బీమిలి కన్నోరింటికి ఎలిపోతాను. నువ్వూ నీ మంత్రీ కలిసి వొండుకోండి."

గౌరీశ్వరి ఊరికే అనే మనిషి కాదు. అన్నదంటే బస్సు ఎక్కినట్టే లెక్క.

మంత్రిగారికి ఈ నొక్కుడు ఆలోచన ఎలా వచ్చిందో చెప్పాలి. కిందటి వారం ఆయన కరువు చూడటానికి సర్కారువారి హెలికాప్టర్ ఎక్కారు. వెనక సీట్లో కూర్చుంటే కరువుకి తాము కనబడమని, అక్కడ శ్రీరామ్మూర్తిని కూర్చోబెట్టి తాము పైలట్ పక్కనే కూర్చున్నారు. పైలట్ పేరు దేవదానం. మాట తక్కువ, పని ఎక్కువ. దువ్వాడ దగ్గరకి వచ్చేసరికి దేవదానం కళ్ళెదురుగా పెద్ద పసుపురంగు దీపం ఒకటి టక్కున వెలిగింది. అతను దాన్ని వేలితో నొక్కాడు. ఆరిపోయింది. కింద పలకమీద ఒక చిన్నదీపాన్ని చూసి, హెలికాప్టర్‌ని మెల్లగా ఖాళీ జాగాలో దింపేశాడు. చుట్టుపక్కల జనం పరిగెత్తుకొచ్చారు. మంత్రిగారు అది తమకి స్వాగతమనుకుని పావుగంట ఉపన్యసించారు.

గేరుపెట్టె నూనెలో ఇనుపరజను పడితే ఆ చిన్నదీపం వెలుగుతుందట. ఉక్కు ఊరు కదా, నూనెలో కూడా ఇనుము పండిందని మంత్రిగారు హాస్యమాడారు. మెకానిక్కు దాన్ని శుభ్రం చేస్తున్నంతసేపూ దేవదానం ఆయనకి దీపాల సంగతి వివరించాడు. ఎరుపు వస్తే ఉన్నపళంగా పని చెయ్యాలి. పసుపు వస్తే చూసి, ఆలోచించి చెయ్యాలి. ఆకుపచ్చ వస్తే అంతా సుఖం. పైలట్ చూపు బయటుంటుంది కాబట్టి రెక్కల వేగం తగ్గితే దీపంతో పాటు చెవిలో హారన్ కూడా మోగుతుంది. బయల్దేరేముందు ఒక టెస్టు బటన్ నొక్కితే దీపాలన్నీ ఒకసారి వెలుగుతాయి; వెలగని దీపం ఉంటే దాని బల్బు మాడినట్టు.

"ఏ సమస్య వచ్చినా ముందు ఈ పెద్దదీపం వెలిగి నన్ను పిలుస్తుందండి. దీన్ని నొక్కితే ఆరిపోతుంది" అన్నాడు దేవదానం.

సరిగ్గా అక్కడ మంత్రిగారికి జ్ఞానోదయమైంది. జ్ఞానోదయమైనవాళ్ళు ఇంకేమీ వినరు. ఆయన గోలీసోడా కోసం అటు తిరిగారు. మిగిలిన సగం శ్రీరామ్మూర్తి ఒక్కడే విన్నాడు. నొక్కితే పెద్దదీపం ఆరడమంటే సమస్య పోవడం కాదట, నేను చూశానని యంత్రానికి చెప్పడమేనట. చిన్నదీపం మాత్రం సమస్య పోయేదాకా ఆరదట.

వారం తిరిగేసరికి మంత్రిగారి క్యాంపు ఆఫీసులో బోర్డు వెలిసింది. నడిమధ్య పెద్దదీపం, దాని చుట్టూ చిన్నదీపాలు. మంత్రిగారికి నకిలీ సరుకంటే గిట్టదు కాబట్టి అసలైన హెలికాప్టర్ బల్బులే కావాలన్నారు. దేవదానం దగ్గరున్న స్పేరు బల్బుల డబ్బా మొత్తం తెప్పించారు. అందులో ఒక్కటైనా ఉంచమని దేవదానం అడిగాడట. ప్రజాసేవకి అడ్డురావద్దని కబురు వెళ్ళింది.

ఏ సమస్య ఏ రంగో మంత్రిగారే నిర్ణయించారు. నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి, రోడ్లు పసుపు. వీటిని చూసి, తీరిగ్గా ఆలోచించవచ్చు. పార్టీలో అసమ్మతి ఎరుపు. ఎవరైనా పూలదండతో వస్తే ఆకుపచ్చ. అసమ్మతి అనే మాట గోడమీద ఉండటమే అపశకునమని ఎర్రబల్బుని మర్నాడే తీయించి సముద్రంలో పారేయించారు. పూలదండల బల్బు రాత్రింబవళ్ళు వెలిగి వెలిగి మూడోరోజుకి మాడిపోయింది. హారన్ మోత మంత్రిగారి మధ్యాహ్నపు నిద్రకి భంగమని దాన్ని శ్రీరామ్మూర్తి బల్లకింద బిగించారు. మోగినప్పుడల్లా నొక్కడానికి పక్కనే ఒక బటన్ కూడా పెట్టించిన దయామయుడు మంత్రిగారు. పరీక్ష కోసం ఎలక్ట్రీషియన్ గంటగంటకీ మోగిస్తుంటే శ్రీరామ్మూర్తి వేలికి నొక్కడం బాగా అలవాటైంది.

ప్రతి శాఖ ఆఫీసులోనూ ఒక స్విచ్ పెట్టారు. సమస్య ఉంటే ఆ అధికారి స్విచ్ వెయ్యాలి. రెండు రోజులైనా ఎవరూ వెయ్యలేదు. స్విచ్ వేస్తే తన శాఖలో సమస్య ఉందని తానే సంతకం పెట్టినట్టవుతుందని ప్రతి అధికారికీ తెలుసు. ఇటు ప్రారంభోత్సవానికి కార్డులు పంచేశారు. దీపం వెలగకపోతే మంత్రిగారు ఏం నొక్కాలి? అధికారులందరినీ పిలిపించి, ఎవరికి సమస్య ఉందో ధైర్యంగా చెప్పమన్నారు.

"మా శాఖలో సమస్య లేదండి. ఎద్దడి మాత్రం ఉంది" అన్నాడు నీళ్ళ ఇంజనీరు అచ్యుతరామయ్య.

శ్రీరామ్మూర్తికి ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే అచ్యుతరామయ్య ఆఫీసుకి వెళ్ళి, ప్రారంభోత్సవం నిమిత్తం ఒక్కసారి స్విచ్ వెయ్యమని బతిమాలాడు. సోమవారం హైదరాబాదు నుంచి పెద్ద సెక్రటరీ వస్తున్నాడు. వెలుగుతున్న నీళ్ళదీపాన్ని ఆయన చూస్తే ఇదేమిటని అడుగుతాడు. అడిగితే మంత్రిగారు ఏదో ఒకటి చెప్పుకోవాలి. చెప్పుకోవాలంటే మెట్ట కాలనీకి ట్యాంకర్లయినా రావాలి. శ్రీరామ్మూర్తి ఆశంతా ఆ చిన్నదీపం మీదే ఉంది.

శుక్రవారం ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. అచ్యుతరామయ్య స్విచ్ వేశాడు. పెద్దదీపం వెలిగింది, హారన్ కుయ్యోమంది, శ్రీరామ్మూర్తి దాని నోరు నొక్కాడు. మంత్రిగారు లేచి, ఫోటోగ్రాఫర్ సరే అనేదాకా వేలు గాలిలో ఉంచి, పెద్దదీపాన్ని నొక్కారు. ఆరింది. చప్పట్లు మిన్నుముట్టాయి. నీళ్ళ సమస్య నొక్కివేయబడిందని సభాముఖంగా ప్రకటించి, అందరూ భోజనాలకి లేచారు.

చిన్నదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. శనివారం పొద్దున్న మంత్రిగారు పళ్ళు తోముకుంటూ దాన్ని చూశారు.

"ఇదేటి శ్రీరామ్మూర్తీ, ఇంకా ఎలుగుతంది? నాను నొక్కీసినాను గదా."

"సమస్య పోయేదాకా అది ఆరదట బాబూ."

మంత్రిగారు అచ్యుతరామయ్యకి ఫోను చేసి స్విచ్ తీసెయ్యమన్నారు. అచ్యుతరామయ్య నిబంధనల మనిషి. వెయ్యడానికి నోటిమాట సరిపోయిందిగానీ తియ్యడానికి కుళాయిల్లో నీళ్ళయినా రావాలి, ప్రభుత్వ ఉత్తర్వయినా రావాలి, ఏది ముందొస్తే దానికి కట్టుబడి ఉంటానన్నాడు. మంత్రిగారు ఫోను పెట్టేసి, బోర్డుని కాసేపు చూసి, ఇంకో జ్ఞానోదయం పొందారు.

"ఆ బల్బు పీకీ. బల్బే నేకపోతే సమస్య ఎక్కడుంటాది?"

శ్రీరామ్మూర్తి పీకాడు. గంట తిరక్కుండానే కరెంటువాళ్ళూ, ఆసుపత్రివాళ్ళూ, రోడ్లవాళ్ళూ వచ్చి, నీళ్ళవాళ్ళ బల్బు తీసి తమది ఉంచడం పక్షపాతమని మొత్తుకున్నారు. మంత్రిగారు న్యాయం తప్పనివారు. ఎవరి బల్బు వాళ్ళని పట్టుకుపొమ్మన్నారు. జ్ఞాపికలని చెప్పి ఇళ్ళకి తీసుకుపోయారు.

మిగిలిన ఒకే ఒక్క చిన్నబల్బు, నీళ్ళది, శ్రీరామ్మూర్తి చొక్కాజేబులో చేతిరుమాల్లో పడుకుంది. ఆదివారం మంత్రిగారు మళ్ళీ కరువు చూడటానికి శ్రీకాకుళం వైపు ఎగురుతారు. సోమవారం పొద్దున్న తిరిగొచ్చేసరికి సెక్రటరీ కూడా వచ్చేస్తాడు. హెలికాప్టర్ లేచిన మరుక్షణం సైకిలెక్కి వెళ్ళి ఆ బల్బుని మళ్ళీ దాని గూట్లో పెట్టెయ్యాలని శ్రీరామ్మూర్తి నిశ్చయించుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ, గౌరీశ్వరి మాత్రం బీమిలి బస్సు ఎక్కకూడదు. పన్నెండేళ్ళ సర్వీసులో అతను తీసుకున్న మొదటి సొంత నిర్ణయం అది.

ఆదివారం నాలుగు గంటల వేళ మైదానంలో బాజాలు మోగుతున్నాయి. కాసేపట్లో రాహుకాలం. మంత్రిగారు పైలట్ పక్కన కూర్చున్నారు. శ్రీరామ్మూర్తి సీట్లో ఈసారి పత్రికా ఫోటోగ్రాఫర్ కూర్చున్నాడు. దేవదానం టెస్టు బటన్ నొక్కాడు. దీపాలన్నీ పండగలా వెలిగాయి, ఒక్కటి తప్ప.

"ఇంజను మంటల దీపం వెలగలేదండి. వెళ్ళలేం" అన్నాడు దేవదానం.

"మంట ఉన్నాదా?"

"తెలీదండి. ఉన్నా తెలీదు. బల్బు మాడిపోయింది."

కింద నిలబడ్డ శ్రీరామ్మూర్తి చొక్కాజేబు మీద చెయ్యి వేసుకున్నాడు. హెలికాప్టర్ లేవకపోతే మంత్రిగారు ఊళ్ళోనే ఉంటారు, బల్బు గూట్లోకి వెళ్ళదు. ఏమైనా సరే ఆయన్ని పైకి పంపాలనే తాపత్రయంలో, తలుపు దగ్గరికి వెళ్ళి, దీపం వెలగనప్పుడు మంట లేనట్టే కదా బాబూ అని వినయంగా మనవి చేశాడు.

మంత్రిగారు అతనివైపు ఎర్రగా చూశారు. "నీకు బుద్దున్నాదేటి? దీపం ఎలక్కపోతే మంట నేదని ఎవుడు సెప్పినాడు?"

ఎవరు చెప్పారో శ్రీరామ్మూర్తికి బాగా గుర్తే. పెద్దల పేరు నలుగురిలో ఎత్తడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

స్పేరు బల్బు వెయ్యమని మంత్రిగారు ఆజ్ఞాపించారు. స్పేరు డబ్బా మొత్తం తమ బోర్డుకే వెళ్ళిందని దేవదానం గుర్తుచేశాడు. మంత్రిగారు "నీళ్ళ బల్బు నీ కాడే ఉన్నాది గదా" అని శ్రీరామ్మూర్తి ముందు చెయ్యి చాచారు.

ఇంటి దగ్గర మర్చిపోయానని చెప్పవచ్చు. చెప్పాలనే అనుకున్నాడు కూడా. కానీ మంత్రిగారు చెయ్యి చాస్తే శ్రీరామ్మూర్తి చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది. పన్నెండేళ్ళ అలవాటు ముందు ఒక్కరోజు నిర్ణయం ఏపాటిది? రుమాలు విప్పుతుంటే అతనికి ఏడుపొచ్చింది. రంగు పైనున్న అద్దానిదే కాబట్టి బల్బు సరిగ్గా అమిరింది. దేవదానం మళ్ళీ బటన్ నొక్కాడు. మంటల దీపం ఎర్రగా, ముచ్చటగా వెలిగింది. మంత్రిగారు ఆ బటన్‌ని రెండుసార్లు కాదు, నాలుగుసార్లు నొక్కించి చూసుకుని, అప్పుడు గానీ తలుపు వేయనివ్వలేదు.

హెలికాప్టర్ లేచి ఫోటోల కోసం ఊరిమీద ఒక చుట్టు తిరిగింది. ఆ మోతకి మెట్ట కాలనీ ఆడవాళ్ళందరూ నీళ్ళ ట్యాంకరేమోనని బిందెలతో వీధిలోకి పరిగెత్తి, తలలెత్తి చూశారు. అందరికంటే ముందు గౌరీశ్వరి నిలబడి బిందె పైకెత్తి, బోర్లించి చూపించింది. మంత్రిగారు చేతులు జోడించి నమస్కరించారు.

సోమవారం పెద్ద సెక్రటరీ వచ్చి బోర్డు చూశాడు. ఒక్క దీపమైనా వెలగని జిల్లా రాష్ట్రంలో ఇదొక్కటేనని మెచ్చుకున్నాడు. పొద్దున్న పేపర్లో మొదటి పేజీ ఫోటో కూడా చూశాడు. కింద పెద్ద అక్షరాలతో 'మంత్రిగారికి మెట్ట కాలనీ మహిళల పూర్ణకుంభ స్వాగతం' అని ఉంది. ఇన్ని నీళ్ళున్న ఊరికి ట్యాంకర్లు దండగని, ఉన్న రెండిటినీ పక్క జిల్లాకి పంపించేశాడు.

శ్రీరామ్మూర్తి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గడపలో సంచులు సర్ది ఉన్నాయి. పిల్లలు చెప్పులు వేసుకుని కూర్చున్నారు. గౌరీశ్వరి చేతిలో ఆ పేపరు, కాళ్ళ దగ్గర ఆ బిందె. ఆమె బిందె తీసి అతని చేతిలో పెట్టింది.

"పూర్ణకుంభమంట గదా మావా. అట్టుకెళ్ళి పూర్ణం సేసుకురా."

పిల్లల్ని ముందు నడిపించుకుంటూ ఆమె వీధిలోకి దిగింది. మలుపులో బీమిలి బస్సు హారన్ గట్టిగా మోగింది. శ్రీరామ్మూర్తి బిందె చంకలో పెట్టుకుని, రెండో చేత్తో ఆ మోత ఆపే బటన్ కోసం గోడమీద తడుముకున్నాడు.