నీలి అంకెల మహాసంగ్రామము

విజయ నామ సంవత్సర వైశాఖ మాసమున, ప్రచండ మార్తాండుడు నలుబదియారు డిగ్రీల ప్రతాపముతో గోదావరిఖనిపై దండెత్తి, తారురోడ్లను కరిగించి, కుక్కలను మోరీలలోనికి తరిమి, కరెంటు కోతలను మాత్రము ఏమియు చేయజాలక చిన్నబోయి నిలిచిన ఒకానొక మధ్యాహ్నమున, ఎనిమిదవ ఇంక్లైన్ బొగ్గుగని కాలనీలోని రెండు గదుల క్వార్టరులో జరిగిన ఘోర సమరమును వచించెద, చెవి యొగ్గుడు. ఒగ్గకున్నను వచించెదను; నా నోరు అట్టిది.

ఆ గృహాధిపతి ముత్యము. ముప్పదియేండ్లు పాతాళాంధకారమున తట్టా, చెమ్మస్ అను పార చేపట్టి టబ్బుల కొలది బొగ్గు నింపిన భూగర్భ భీముడు. ఆంగ్లాక్షరము ఒక్కటియు ఎరుగడు గాని అంకెలు మాత్రము కరతలామలకములు. ఏలయన గనిలో ఆయన లాంపునకు నంబరు, హాజరునకు నంబరు, తుదకు ఆయనకే నంబరు. ధర్మపత్ని సారవ్వ, గంటకొకమారు ఇంటిపై వాలు బొగ్గుదుమ్ముతో అలుపెరుగక పోరు తడిగుడ్డ ధారిణి. వారి ఏకైక పుత్రిక యమున, పట్టభద్రురాలు, నాలుగేండ్లుగా గుమాస్తా కొలువుకై పుస్తకములతో కుస్తీ పట్టుచున్న తపస్విని.

ఆ కొలువు దరఖాస్తునకు ఆనాటి సాయంకాలము అయిదు గంటలకు గడువు ముగియును. మరల నోటిఫికేషను ఎన్నడు పడునో బ్రహ్మకును తెలియదు. నిన్నటి వరకు సర్కారు వారి వెబ్‌సైటు కుంభకర్ణ నిద్రలో నుండెను. నేడు నెట్ సెంటరునకు పోదమన్న ఊరంతయు బందు, షట్టర్లన్నియు నేలను ముద్దాడుచున్నవి. ఇక మిగిలినది ఇంటనున్న పాత ల్యాప్‌టాపు, దానికి తగిలించిన నెట్ డాంగిల్ మాత్రమే.

రెండున్నరకు వెబ్‌సైటు కన్ను తెరచెను. యమున దరఖాస్తు మీద నొక్కి, అది తెరుచుకొనునంతలో నాలుగు మెతుకులు తినవచ్చునని లేచెను. ఆ సందున సారవ్వ, మీటలపై పేరుకొన్న బొగ్గుధూళిని కని సహింపజాలక, తడిగుడ్డతో ఆ కొస నుండి ఈ కొసకు నాలుగుమార్లు రుద్దెను. తల్లి ప్రేమ అట్టిది, ఎక్కడ రుద్దవలెనో చూసుకొనదు.

మూడు గంటలకు యమున వచ్చి తన పేరు కొట్టసాగెను. వై, ఏ యను అక్షరములు బుద్ధిగా నిలిచినవి. ఎం కొట్టగా సున్న పడెను! యు కొట్టగా నాలుగు పడెను! చెరిపి కొట్టినను అదియే సున్న, అదియే నాలుగు. ‘పేరులో అంకెలు చెల్లవు’ అని తెర ఎర్రబారి గద్దించెను. టచ్‌ప్యాడుపై రుద్దగా రుద్దగా వేలు వేడెక్కినదే గాని తెరమీది బాణము ఇసుమంతయు కదలదాయె.

అంతట ఆ వీరనారి కన్నుల నీరు క్రమ్మగా ఇట్లు గర్జించెను: “ఓసి ల్యాప్‌టాపూ! నాలుగేండ్ల సంది తిన్నదో లేదో సూసుకోకుంట సదివిన. ఇయ్యాల నా పేరు రాసుడు గూడ నీకు బరువైందానే? నీకు ఇయ్యాల్నే రోగమొచ్చిందా?”

బందు వలన డ్యూటీ లేక ఇంటనున్న ముత్యము కూతురి భుజము మీదుగా తొంగిచూచి, గంభీరముగా పలికెను: “సున్న, నాలుగు. కరెక్టే గద బిడ్డా! సర్కారు కొలువుల పేరెవ్వడు అడుగుతడు? నంబరే అడుగుతడు. ముప్పై ఏండ్లల్ల నన్ను పేరువెట్టి పిలిచిన సాబు ఒక్కడు లేడు.”

“బాపూ, నువ్వు జర ఊకో! గిది పేరు రాసే జాగ!”

అప్పుడు రణరంగమున ఫరీద్ ప్రవేశించెను. పక్క గల్లీవాడు, టీవీలు, కూలర్లు, సెల్‌ఫోన్లు బాగుచేయు విద్యలో దిట్ట, బందు పుణ్యమా యని లుంగీతో ఇంట కూర్చున్నవాడు సారవ్వ కేక విని ఒక మౌసు పుచ్చుకొని పరుగున వచ్చెను. మౌసు తగిలింపగానే బాణము కదలెను. అందరి ప్రాణములు లేచి వచ్చెను. పిదప ఫరీద్ ల్యాప్‌టాపును బోర్లించి ఊదెను, తట్టెను, మరల నిలిపి ఎం మీటను నలుబదిమార్లు పొడిచెను. నలుబది సున్నలు పడినవి.

“చూడు కాకా,” అని అతడు తీర్పు చెప్పెను, “టచ్‌ప్యాడ్ పోయింది, మీటలు పోయినయ్. రెండు ఒక్కసారే పోయినయంటే మదర్‌బోర్డుకు నీళ్లు దిగినట్టే. ఖతం. హైదరాబాద్ పంపాలె. వారం పడ్తది.”

“వారమా! అయిదింటికి అంత అయిపాయెనన్నా!” అని యమున తలపట్టుకొనెను.

“దుమ్ము తుడువకుంటె ఒక బాధ, తుడిస్తె ఒక బాధ,” అని సారవ్వ కొంగు నోట కుక్కుకొని ఏడ్చెను. బిడ్డ బతుకును తానే తుడిచివేసితినని ఆమె గుండె పగిలినది.

గడియారము నాలుగుంబావు దాటెను. ముత్యము కండ్లద్దములు సవరించి, మీటలపైకి వంగి, బొగ్గుపొరను పరీక్షించు వానివలె ఒక్కొక్కటే చూచి, యు మీటపై వేలు మోపెను. “ఏమయ్యా ఫరీదూ, పాడైందంటివి. దీని మీద నాలుగని రాసే ఉన్నది గదా? నాలుగు కొడితె నాలుగు పడ్డది. గీడ సున్న ఉన్నది, సున్న పడ్డది. మిషిను తప్పేమున్నది?”

పట్టభద్రురాలు చూచెను. మెకానిక్కు చూచెను. మీటల మూలలలో చిన్న చిన్న నీలి అంకెలు! ఇన్నాళ్లు ఎవ్వరి కంటను పడనివి!

“పెద్ద తెల్లయి నాకు రావు,” అనెను ముత్యము. “చిన్న నీలియి నాకొస్తయి. గిసొంటి నీలం రాతలు ఆ కొసకొకటి, మీద రెండు ఉన్నయి. రంగు ఒక్కటైతె జట్టు ఒక్కటే ఉంటది.”

యమునకు తళుక్కున తోచెను. ఆ కొసనున్నది ఎఫ్ఎన్ మీట. మీదనున్న వానిలో ఒకటి నమ్ లాక్, రెండవది టచ్‌ప్యాడు బొమ్మ. ఎఫ్ఎన్‌తో కలిపి నమ్ లాక్ నొక్కిన అక్షరములు అంకెలగును, మరల నొక్కిన అంకెలు అక్షరములగును; బొమ్మను నొక్కిన టచ్‌ప్యాడు పడుకొనును, మరల నొక్కిన లేచును. తడిగుడ్డ ఆ రెండు పనులను ఒకే ఊపున చేసిపెట్టెను. యమున ఎఫ్ఎన్ అదిమిపట్టి రెంటిని నొక్కి, ఎం కొట్టెను.

ఎం పడెను! యు కొట్టగా యు పడెను! వేలు తాకగానే బాణము లేడివలె గంతులిడెను! సారవ్వ బిడ్డను కౌగిలించుకొనెను. ఫరీద్ లుంగీ ఎగగట్టి, “నేను గదే చెప్పబోతున్న,” అనెను. ఎవ్వరును వినలేదు.

అయిదింటికి రెండు నిమిషములుండగా దరఖాస్తు చేరెను. తెరపై వెలసిన సర్కారు వారి సందేశమును యమున పెద్దగా చదివెను: “మీ దరఖాస్తు అందినది. మీ నంబరు 40651. ఇకమీదట ఈ నంబరుతోనే సంప్రదించవలెను. పేరు రాయనవసరము లేదు.”

ముత్యము మీసము దువ్వెను. “నేను మూడింటికే చెప్పిన.”

సభాసదులారా, ఈ విధముగా గోదావరిఖని వీరవనిత యమున, రెండు గంటలు భీకరముగా పోరి, తన పేరులో చొరబడిన రెండంకెలను తరిమికొట్టి, అయిదంకెలను గెలుచుకొనెను.