తలా ఒక పెనాల్టీ

ఆ రోజు పొద్దున్న అల్లుడుగారి పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోపు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒక చురక వేసి, స్నానం చేసి, తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళిపోవడం. "మన ఘన క్లబ్బు" అనే పేజీ నడిపేది అతనేనని భార్యకు తప్ప మూడో మనిషికి తెలియదు. క్లబ్బు ఓడిపోయినప్పుడల్లా అచ్చం క్లబ్బు ప్రకటనలాగే ఉండే వెక్కిరింపు ఒకటి తయారుచేసి అందులో పెడతాడు. ఈ సీజన్‌లో క్లబ్బు అతన్ని ఒక్క వారం కూడా ఖాళీగా కూర్చోనివ్వలేదు. గోల్‌కీపర్‌కు "జల్లెడ" అని పేరు పెట్టిన పుణ్యాత్ముడూ అతనే. ఇప్పుడా గోల్‌కీపర్ అసలు పేరు కన్నతల్లికైనా గుర్తుందో లేదో.

ఇబ్బందల్లా ఒకటే. కాపురం మామగారింట్లో, మామగారికేమో క్లబ్బంటే ప్రాణం. రైలింజను డ్రైవరుగా రిటైరయ్యాక ఆయన నమ్ముకున్న బండి ఇదొక్కటే. అది పట్టాలు తప్పి చాలాకాలమైందని ఎవరైనా అంటే ఊరుకోరు. "ఆ పేజీ నడిపే వెధవ దొరకాలి గాని, కాళ్ళు విరగ్గొడతాను" అని రోజూ కాఫీ తాగుతూ శపథం చేస్తారు. "విరగ్గొట్టాల్సిందే మావయ్యగారూ" అంటూ అల్లుడు చక్కెర అందిస్తాడు.

ఆ పొద్దున్న కూడా అల్లుడు ఫోన్‌లో టైపు చేస్తూ, తన తెలివికి తానే మురిసిపోతూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"ఏంటి అల్లుడూ, అంత నవ్వొచ్చే విషయం?" అన్నారు మామగారు ఎదురుగా కూర్చుంటూ.

అల్లుడు నవ్వు ఆపేశాడు. "ఏం లేదండీ... క్లబ్బువాళ్ళ ప్రకటన."

"అయితే చదువు, వింటాను."

అల్లుడు కళ్ళజోళ్ళే అమ్ముతున్నా మామగారు మాత్రం జోడు పెట్టుకోరు. ఇంజను నడిపిన కళ్ళకు అద్దాలేమిటని ఆయన పౌరుషం. అందుకే క్లబ్బు కబుర్లన్నీ అల్లుడే చదివి వినిపించాలి.

తెర మీద ఉన్నది ఇది: "పక్క ఊళ్ళవాళ్ళందరూ వచ్చి మన గోల్‌లో బంతులు కొట్టుకుని వెళ్ళుచున్నారు. సొంత ఊరివారికి మాత్రం ఆ భాగ్యం దక్కనందుకు యాజమాన్యం మిక్కిలి చింతించుచున్నది. కావున వచ్చే ఆదివారం ఉదయం మైదానంలో అభిమానులకు తలా ఒక పెనాల్టీ కిక్ ఇవ్వబడును. బూట్లు ఎవరివి వారే తెచ్చుకోవలెను. గోల్ కొట్టలేనివారు జట్టులోకి తీసుకొనబడుదురు."

వెటకారాలన్నీ వదిలేసి, నడుమ ఉన్నది మాత్రం నీళ్ళు నములుతూ చదివాడు. ఆదివారం. మైదానం. తలా ఒక పెనాల్టీ. బూట్లు.

మామగారు కప్పు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళకి అభిమాని గుర్తొచ్చాడన్నమాట వీళ్ళకి! చిన్నప్పుడు ఆ గేటు బయట నిలబడి చూసేవాణ్ణి అల్లుడూ. ఒక్కసారి ఆ గడ్డి మీద కాలు పెడితే చాలనుకునేవాణ్ణి."

నిజం చెప్పెయ్యాలంటే అదే సమయం. అల్లుడు నోరు తెరిచాడు కూడా. ఈలోపు మామగారు తన బండిలో పనిచేసిన పాత గార్డుకు ఫోన్ చేసేశారు, గార్డు తన తమ్ముడికి చేశాడు. అల్లుడు స్నానం ముగించి వచ్చేసరికి మామగారు అటక మీంచి పాత బూట్లు దింపుకుని పాలిష్ పెడుతున్నారు. బడిపిల్లాడిలా ఈల వేస్తూ కూర్చున్న ఆ పెద్దమనిషిని చూస్తే అల్లుడికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

వంటింట్లో టీచరమ్మ, అంటే అతని భార్య, చేతులు కట్టుకుని నిలబడింది. "విన్నాను. ఆదివారం ఆ గేటు దగ్గర మా నాన్న నలుగురిలో నవ్వులపాలయ్యాడో, మీరు ఇంటికి రానక్కర్లేదు. షాపులోనే పడుకోండి."

అల్లుడు బుర్ర చించుకుని ఒక ఉపాయం పట్టాడు. ఆ ప్రకటనను తన పేజీలోనే పెట్టేస్తే సరి. ఎవరో ఒకరు చూసి, "అయ్యా, అది ఆ వెక్కిరింపు పేజీలోది" అని మామగారికి చెప్తారు. నిజం తెలుస్తుంది, తన పేరు బయటికి రాదు. ఇంత గొప్ప ఆలోచన వచ్చినందుకు తన భుజం తానే తట్టుకుని, పోస్టు పెట్టి షాపుకు వెళ్ళాడు.

లోకం అంత ఓపికగా చదువుతుందనుకోవడం అతని అమాయకత్వం. జనం ఆ పోస్టును ఫొటో తీసి, పైనున్న పేజీ పేరును కత్తిరించి, చివరనున్న జట్టులోకి తీసుకుంటామన్న ముక్కనూ కత్తిరించి, ఊరంతా పంచిపెట్టారు. సాయంత్రానికి రేడియోలో ఒకావిడ తియ్యటి గొంతుతో అది చదివింది. కిక్ కొట్టేముందు మోకాళ్ళకు ఎలాంటి వ్యాయామం చెయ్యాలో ఒక డాక్టరుగారు వివరించారు కూడా.

అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. షాపు వెనక గదిలో దూరి, గొంతు మార్చి క్లబ్బు ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"ఏమండీ, ఆదివారం పెనాల్టీల సంగతి..."

"అవునండీ, ఉంది" అన్నాడు అవతల గుమాస్తా, ఠక్కున.

"ఉందా! ఎవరు చెప్పారు?"

"రేడియోలో చెప్పారు కదండీ. బూట్లు మర్చిపోకండి."

"అది అబద్ధమండీ బాబూ! ఎవడో సరదాకి రాశాడు!"

"చూడండి సార్, మా ప్రకటనలు మాకు తెలియవా? ఇది మా భాషే" అని గుమాస్తా ఫోన్ పెట్టేశాడు.

క్లబ్బులో ఎవరి తంతు వారిది. ఇది ఛైర్మన్‌గారి ఆలోచన అయ్యుంటుందని కోచ్ నోరు మూసుకున్నాడు. కోచ్ ఆలోచన అయ్యుంటుందని ఛైర్మన్ అనుకున్నాడు. అడిగితే తమకు తెలియదని బయటపడుతుందని ఇద్దరూ అడగలేదు. ఆ క్లబ్బు అంత ఐకమత్యంగా పనిచేయడం అదే మొదలు.

ఆదివారం మైదానం ముందు, మ్యాచ్‌లకు ఏనాడూ రానంత జనం. గేటు తెరిచే ఉంది. లోపల జల్లెడ గోల్ ముందు నిలబడి, వచ్చినవాళ్ళ బంతులకు వచ్చినట్టే దారి ఇస్తున్నాడు. మామగారు గార్డును వెంటబెట్టుకుని వరసలో నిలబడ్డారు. బూట్లు తళతళ, ముఖం అంతకన్నా తళతళ. అల్లుడు ఇక తట్టుకోలేకపోయాడు. ఏ క్షణాన ఎవరొచ్చి వీళ్ళందర్నీ తరిమేస్తారో, ఆ ముఖం ఎలా వాడిపోతుందో అని అతని భయం.

"మావయ్యగారూ, ఇంటికెళ్ళిపోదాం రండి. ఇదంతా ఉత్తిదే. రాసింది నేను. ఆ పేజీ కూడా నాదే. కాళ్ళు విరగ్గొడతారో, ఏం చేస్తారో మీ ఇష్టం."

మామగారు అతన్ని ఎగాదిగా చూశారు.

"నువ్వా? అంత తెలివే ఉంటే నువ్విలా ఎందుకుంటావు అల్లుడూ? గార్డుగారి ముందు పరువు తియ్యక, ఆ నీళ్ళ సీసా పట్టుకో. నా వంతు వచ్చింది."

ఆయన బంతి పెట్టారు. నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగు లాంటి నడకతో వచ్చి తన్నారు. బంతి నింపాదిగా దొర్లుకుంటూ బయల్దేరింది. జల్లెడ ఒక పక్కకు దూకాడు, లేచాడు, చూసుకున్నాడు, మళ్ళీ అదే పక్కకు దూకాడు. బంతి రెండో పక్కనుంచి గోల్ గీత దాటి ఆగింది. మైదానమంతా లేచి అరిచింది. మామగారు రెండు చేతులూ పైకెత్తి ఆ గడ్డి మీద గుండ్రంగా తిరిగారు. అల్లుడు నీళ్ళ సీసా పట్టుకుని, అందరి ముందూ ఏడ్చేశాడు. ఏడుస్తున్నందుకు సిగ్గేమీ పడలేదు.

అప్పుడే ఛైర్మన్‌గారి కారు వచ్చింది. కారు దిగి, కిక్కిరిసిన మైదానాన్ని చూసి, క్షణమైనా తడబడకుండా మైకు అందుకున్నారు. "ఈ ఆలోచన నాకు ఎప్పటినుంచో ఉంది" అన్నారు.

రెండ్రోజుల తర్వాత అల్లుడు ఎవరికో కళ్ళజోడు కాళ్ళు బిగిస్తుండగా మామగారు ఆయాసపడుతూ షాపులోకి వచ్చారు.

"శుభవార్త అల్లుడూ! ఆ వెధవ పేజీని మూయించేశారు. మన ఛైర్మన్‌గారి పెనాల్టీల ప్రకటనని వాడు మక్కీకి మక్కీ దొంగిలించి పెట్టుకున్నాడట. క్లబ్బువాళ్ళు ఫిర్యాదు చేస్తే ఆ పేజీల కంపెనీవాళ్ళు విచారించి, తప్పు వాడిదేనని తేల్చారు."

అల్లుడు చేతిలోని స్క్రూ కిందపడింది. "తేల్చారా, మావయ్యగారూ?"

"తేల్చకేం! కాపీ ఎవరిదో, అసలు ఎవరిదో ఆ మాత్రం తెలీదా?"

ఆ సీజన్ మొత్తానికి క్లబ్బు గెలిచింది అదొక్కటే.