ఈశాన్యం గోడ

ఆ శనివారం పొద్దున్న సుష్మిత వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి సినిమాలో ఆఖరి షాటు తీయాలి. పదకొండింటికి కరెంటు పోయేలోపు సీడీ రాసుకోవాలి. పన్నెండులోపు బందరు కొరియర్ ఆఫీసులో ఇచ్చేయాలి. సోమవారానికి అది హైదరాబాదులో చిన్న సినిమాల పోటీవాళ్ళకి అందాలి.

అందకపోతే గుడివాడలో బీఈడీ. నాన్న శోభనాద్రి ముందే చెప్పేశాడు. "ఈ బొమ్మలాట ఇదే ఆఖరమ్మా. ఇదీ ఎక్కకపోతే బుద్ధిగా కాలేజీలో చేరు."

సుష్మితకి కెమెరా లేదు, నటులు లేరు. ఇళ్ళు కట్టి, వాటిలో మనుషుల్ని పెట్టి ఆడుకునే వీడియో గేమ్ ఒకటి ఉంది. బందరు దారిలో గూడూరు పక్కనున్న తమ ఊరిని అందులో వీధివీధీ కట్టింది. బొమ్మ మనుషుల్ని నడిపిస్తూ, తెర మీద కనిపించేదంతా రికార్డు చేసి, అమ్మ రాజ్యలక్ష్మి చేత మాటలు చెప్పించేది. అలా మూడు సినిమాలు తీసింది. మూడింటినీ చూసింది ఇంట్లో ముగ్గురే. నాలుగోది, ఉక్కకి నిద్రపట్టక గాలి వచ్చే చోటు వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగే ఒక మామ్మ కథ. చివరికి ఎక్కడా గాలి దొరక్క, మామ్మ ఓ పెద్దింట్లో మంచమెక్కి కళ్ళు తెరుచుకునే పడుకుంటుంది. ముగింపు చప్పగా ఉందని సుష్మితకీ తెలుసు. మరోటి తోచలేదు.

రికార్డింగు మొదలుపెట్టిందో లేదో, ఎదురింటి గోవర్ధనరావు పేపరు కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. అది 2006. బందరుకి పోర్టు వస్తుందన్న మాట గట్టిగా వినబడుతోంది. చేలల్లో వరికంటే ముందు ప్లాట్ల రంగు జెండాలు మొలుస్తున్నాయి. ఆ రోజుల్లో కంప్యూటర్ తెర మీద సిమెంటు రోడ్లూ, వీధిదీపాలూ, వరసగా ఇళ్ళూ కనబడితే, డెల్టాలో ఎవరికైనా తట్టేది ఒకటే. వెంచర్.

"ఇది మన ఊరే కదమ్మా?"

"అవును మావయ్యా."

"ఎవరు కడుతున్నారు?"

"నేనే," అంది సుష్మిత తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఎంతమందికి చోటుంది?"

"ఎనిమిది మందికేనండి. తొమ్మిదో మనిషిని కంప్యూటర్ ఒప్పుకోదు."

గోవర్ధనరావు పేపరు సంగతి మర్చిపోయి చెప్పుల్లేకుండానే వీధిలోకి పరిగెత్తాడు.

పావుగంటలో కంప్యూటరున్న వసారా నిండిపోయింది. రొయ్యలు తోలే ట్రాలీ ఆటో గుమ్మానికడ్డంగా ఆపి రాంబాబు లోపలికొచ్చాడు. "చెరువు పక్కన నాకోటి రాసుకోండి బాబాయ్. నీళ్ళు ఉప్పగా ఉన్నా పర్లేదు."

ఈ వెంచర్ సంగతి శోభనాద్రికే తెలియదు. కానీ ఊరు ఊరంతా 'గారూ' అంటుంటే కాదనబుద్ధి కాలేదు. "అందరికీ చూద్దాం, కూర్చోండి," అన్నాడు. కూతురి దగ్గరికి వంగి గుసగుసగా అడిగాడు. "అమ్మాయ్, నిజంగానే ఏమన్నా కడుతున్నావా?"

ఆమె జవాబు చెప్పేలోపే వంటింట్లోంచి రాజ్యలక్ష్మి కేక. "సుష్మీ! పాతిక కాఫీలు నేనొక్కదాన్నీ కలపాలా?"

"రికార్డవుతోంది, మౌస్ ఎవరూ ముట్టుకోకండి," అని బతిమాలి సుష్మిత వెళ్ళింది.

తెర మీద మామ్మ పడుకున్న పెద్దిల్లు తనదేనని గోవర్ధనరావు అప్పటికే తేల్చేసుకున్నాడు. "ముందు చూసింది నేను."

"తీసుకోండి బావా, మీదే," అన్నాడు బంగార్రాజు. ఊళ్ళో ఎవరు పునాది తవ్వినా పిలవకుండా వెళ్ళి వాస్తు చెప్పే మనిషి అతను. "ఆర్నెల్లు కాపురం చేస్తే చాలు. ఈశాన్యం మొత్తం గోడ కట్టి మూసేశారు. గాలీ వెలుతురూ ఎట్నుంచి వస్తాయంట?"

"ఏదీ ఈశాన్యం?"

"ఇదిగో, ఇది!" వేలితో చూపిస్తే ముందువాళ్ళ తలలు అడ్డొచ్చాయి. మౌస్ పట్టుకుని చూపించాడు. రెండుసార్లు నొక్కాడు. మొదటిది తెర అంచున గోడలు తీసే సుత్తి బొమ్మ మీద పడింది. రెండోది గోడ మీద పడింది.

గోడ మాయమైంది.

"కూల్చేశాడు! గృహప్రవేశం కాకుండానే నా ఇల్లు కూల్చేశాడు!" గోవర్ధనరావు బంగార్రాజు కండువా పట్టుకున్నాడు.

కాఫీ పళ్ళెంతో పరుగెత్తుకొచ్చిన సుష్మిత తెర చూసి కొయ్యబారిపోయింది. పదిన్నరైంది, మళ్ళీ తీయడానికి టైము లేదు. కానీ గోడ పోయినచోట చెట్లు కనబడుతున్నాయి. వాటి కొమ్మలు మెల్లగా ఊగుతున్నాయి. మంచం మీద మామ్మ ఆ వైపు ఒత్తిగిల్లి, చెయ్యి తల కింద పెట్టుకుని, హాయిగా కళ్ళు మూసుకుంది.

వసారాలో ఎవరో కిసుక్కున నవ్వారు. "పాపం, ఇప్పటికి గాలి తగిలింది మామ్మకి," అన్నాడు రాంబాబు. కండువా పట్టు వదలకుండానే గోవర్ధనరావు కూడా తెరకేసి చూశాడు.

సుష్మిత పళ్ళెం కింద పెట్టి రికార్డింగు ఆపింది. "ఇదే ముగింపు. ఇదే ఉంచేస్తాను నాన్నా."

శోభనాద్రి కూతురి మొహం చూశాడు. లేచి నిలబడ్డాడు. "అయ్యా, ప్లాట్లు లేవు, వెంచరూ లేదు. మా అమ్మాయి సినిమా తీస్తోంది. పన్నెండులోపు బందరు చేరాలి. కాస్త దారివ్వండి."

సీడీ తయారవుతున్నంతసేపూ పాతికమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. సీడీ బయటికి రావడమూ, నెత్తిమీద ఫ్యాను ఆగిపోవడమూ ఒక్కసారే జరిగాయి. రాంబాబు ఆటో తీశాడు. రొయ్యల ట్రేల మధ్య సీడీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సుష్మిత, పన్నెండుకి నాలుగు నిమిషాలుందనగా కొరియర్ ఆఫీసు మెట్లెక్కింది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మొదటి బహుమతి. 'గోడ చటుక్కున మాయమై మామ్మకి గాలి తగలడం అపూర్వమైన ఊహ. దర్శకురాలి తర్వాతి సినిమాకి మా సంస్థ కంప్యూటరూ, ఏడాదిపాటు జీతమూ ఇస్తుంది' అని రాశారు. శోభనాద్రి ఆ ఉత్తరాన్ని టీ కొట్టు దగ్గర నాలుగు రోజులు చదివాడు. వాస్తు దోషం తీస్తే ఫలితం అలాగే ఉంటుందని బంగార్రాజు ఊరంతా చెప్పుకున్నాడు.

గోవర్ధనరావు మాత్రం అతనితో మాట్లాడటం మానేశాడు. ఎంత బొమ్మ గోడైనా, ఇంటాయన్ని అడక్కుండా పడగొట్టడం మర్యాద కాదట.