కిటికీలో గ్లాసెడు నీళ్లు

పది గంటలకు ఇన్‌స్పెక్టర్‌గారికి ఎనిమిదో తరగతి పిల్లలు తీసిన వీడియో చూపించాలి, పదిన్నరకు మెప్పు పొందాలి. ఆ ఉదయం సైన్స్ టీచర్ ప్లాను ఇంతే.

"ఆయన పెదవి విరిచారో, వీడియో పాఠాలకు స్వస్తి. మళ్లీ సుద్దముక్కే," అని హెడ్మిస్ట్రెస్ ముందే తేల్చి చెప్పారు.

పాఠం, నీరు ఆవిరి కావడం. స్టాఫ్ రూమ్ కిటికీలో గ్లాసెడు నీళ్లు, ఎదురుగా బీరువా మీద టీచర్ పాత ఫోన్, నిమిషానికో ఫొటో, మూడు రోజులు. "పెద్దవాళ్లకు చెప్పకండి, ఫొటోల కోసం సర్దుకుని కూర్చుంటారు," అని పిల్లలకు చెప్పింది టీచరే. అందరూ 'లాయరమ్మ' అని పిలిచే జట్టు నాయకురాలు ఆ మాట నిలబెట్టుకుంది.

"ఇవాళ్టి ఫొటోలు కూడా ఇప్పుడే కలిపేశాం, టీచర్!"

తెర వెలిగింది. లాయరమ్మ గొంతు గంభీరంగా వినిపించింది.

"మొదటి రోజు. పదకొండుంబావుకి నీరు మొత్తం ఆవిరైంది. కారణం, హెడ్మిస్ట్రెస్ మేడమ్ బీపీ మాత్ర."

తెర మీద హెడ్మిస్ట్రెస్ తల వెనక్కి వాల్చి గ్లాసు ఎత్తారు. తరువాతి ఫొటోలో గ్లాసు మళ్లీ నిండుగా ఉంది.

"నీరు తిరిగొచ్చింది. కారణం, మేడమ్ మర్యాద. రెండో రోజు. నీటిమట్టం పెరిగింది. కారణం, లెక్కల మాస్టారి పళ్ల సెట్టు."

వీడియో ముందే ఒకసారి చూసుకోవాల్సిందని టీచర్ తల పట్టుకుంది.

"ఓరి దేవుడా! పది నిమిషాలే కదమ్మా నానబెట్టింది!" మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"నీళ్లు పారబొయ్యొద్దూ?" హెడ్మిస్ట్రెస్ గుడ్లురిమారు.

"కిటికీ కింద పిల్లలుంటారు కదండీ!"

ఇన్‌స్పెక్టర్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"మూడో రోజు, అంటే ఇవాళ. తొమ్మిది నలభైకి నీరు అడుగంటా ఆవిరైంది. కారణం, ఎవరో పెద్దమనిషి."

తెర మీద గళ్ల చొక్కా, చంకలో ఫైలు, గటగటా తాగేస్తున్న గొంతు. హాలంతా ముందు వరుసలోని గళ్ల చొక్కా వైపు తిరిగింది. నవ్వు సగంలో తెగిపోయింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి నెమ్మదిగా గొంతు మీదికి వెళ్లింది.

"సార్, రుచి ఎలా ఉంది? ముగింపులో రాసుకోవాలి," అంది లాయరమ్మ, పెన్ను తీసి.

ఆయన టీచర్ దగ్గరగా వంగారు. "ఇది... బయటికి పోదు కదమ్మా?"

"మంచి వీడియోలు పై ఆఫీసుకు పంపమని ఉత్తర్వు ఉంది కదండీ," అంది టీచర్. అప్పుడే ఆవిడకు దారి దొరికింది. "ఈ పాఠాలు కొనసాగితే పిల్లలు ఇంతకన్నా మంచివి తీస్తారు సార్. దీన్ని పంపాల్సిన పనుండదు."

ఆయన వెంటనే తనిఖీ పుస్తకం తెరిచి రాశారు: "వీడియో పాఠాలు తప్పక కొనసాగించాలి. స్టాఫ్ రూమ్‌లో తాగునీళ్లు ఈరోజే ఏర్పాటు చేయాలి."