బొమ్మలో కొండ ఉండి తీరాలి

హైస్కూళ్ళలో డ్రాయింగ్ పీరియడ్ వారానికి ఒక్కటే ఉంటుందనీ, ఆ ఒక్కటీ లెక్కల మాస్టారు పట్టుకుపోతారనీ కొందరు తెగ బాధపడిపోతుంటారు. బాధ దేనికండీ? పండగ చేసుకోవాల్సిన విషయం! పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పకపోవడమంత మేలు ఈ దేశానికి మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం. నేర్పితే ఏమవుతుందో ఈ మధ్యనే దివిసీమలో ఒక హైస్కూల్లో రుజువైంది. ఊరి పేరు అడక్కండి. పేరు చెప్తే మిగతా ఊళ్ళ వాళ్ళు తమది కాదని ఊపిరి పీల్చుకుంటారు.

ఆ స్కూల్లో కృపానందం గారని ఒక డ్రాయింగ్ మాస్టారు. కాపురం బందరులో. రోజూ పొద్దున్నే చల్లపల్లి మీదుగా బస్సులో పులిగడ్డ దాటి వస్తారు. చేరి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన చెయ్యి పడని వస్తువు ఆ బడిలో లేదు. బీరువాల మీద నంబర్లు ఆయనవే. కుర్చీల వీపు మీద స్కూలు పేరు ఆయనదే. సైన్సు చార్టులో గుండెకాయ, పంద్రాగస్టుకు ముగ్గు, రిటైరయ్యే వాళ్ళ సన్మానపత్రం చుట్టూ లతలు, అన్నీ ఆయనవే.

పోనీ ఆదివారం మంగినపూడి వెళ్ళి సముద్రం బొమ్మ ఒకటి వేసుకుందామని రంగుల డబ్బా సంచీలో పెట్టుకుని బయల్దేరతారా, చర్చి మెట్ల మీదే ఎవరో ఒకరు పట్టుకుంటారు. "మాస్టారూ, గోడ మీద వాక్యం వెలిసిపోయిందండీ, కాస్త చెయ్యి తిప్పరూ?" అంటారు. దేవుడి పని కాదనగలమా? సముద్రం ఎక్కడికీ పోదు కదా అని ఆయనా సర్దుకుంటారు. బొమ్మలు వేయడానికి తప్ప మిగతా అన్నిటికీ ఆయనకు తీరిక ఉంది. ఇంతకంటే నిండైన జీవితం ఏ కళాకారుడికి దొరుకుతుంది చెప్పండి!

వీటన్నిటికీ తలమానికం మరుగుదొడ్ల ఫొటో. బడి మరుగుదొడ్డిని రోజూ పదింటిలోపు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. హెడ్మాస్టరు కాంతారావు గారు ఆ పనిని ఏరికోరి కృపానందం గారికి అప్పజెప్పారు. "మీకైతే కళాదృష్టి ఉంది కదండీ" అన్నారు. ఉన్న మాటే. ఆడపిల్లల దొడ్డికి తలుపు ఊడి చాన్నాళ్ళయింది. నీళ్ళ మోటారు అంతకుముందే కాలిపోయింది. మామూలు మనిషి ఫొటో తీస్తే ఆ రెండు లోపాలూ కొట్టొచ్చినట్టు కనపడతాయి. కృపానందం గారు ఎడమవైపు గోడ వార నిలబడి, కాస్త ఒంగి తీస్తారు. అలా తీస్తే తలుపు తెరిచి ఉన్నట్టు ఉంటుందే గానీ లేనట్టు ఉండదు. ముందుగా తన సీసాలో నీళ్ళు నేల మీద చిలకరిస్తారు. నేల తళతళలాడిపోతుంది. యాప్ మరుక్షణంలో ఆకుపచ్చ టిక్ పెడుతుంది.

ఏ చిత్రకారుడికండీ రోజూ ఇంత ఠంచనుగా మెప్పు దక్కేది?

కాంతారావు గారు చెడ్డవారనుకోకండి. మోటారు బాగుచేయించమని పైకి రాస్తూనే ఉన్నారు. పైవాళ్ళు యాప్ తెరిచి చూసి, అంతా బాగానే ఉంది కదా అని తిరిగి రాస్తూనే ఉన్నారు. ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇలా హాయిగా వెళ్ళిపోతున్న కృపానందం గారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. దాన్ని ఆశయం అంటారు.

మీ ఇంట్లో పిల్లల్ని పిలిచి బొమ్మ వెయ్యమనండి. ఏం వేస్తారు? రెండు కొండలు. ఆ రెంటి మధ్యలో సూర్యుడు. కొండల్లోంచి ఒక ఏరు, ఏటి పక్కన గుడిసె, పైన నాలుగు పిట్టలు. దివిసీమ పిల్లలూ అదే వేస్తారు. మరి దివిసీమలో కొండ ఎక్కడుందండీ? చాప పరిచినట్టుండే నేల. వరి చేలు, రొయ్యల చెరువులు, పంట కాలవలు, ఆ చివర సముద్రం. కొండ చూడాలంటే బెజవాడ బస్సు ఎక్కాలి. అయినా వాళ్ళు కొండలే వేస్తారు, వాళ్ళ నాన్నలూ కొండలే వేశారు. దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. దివిసీమ పిల్లల కొండలంత నునుపైనవి ఇంకెక్కడా ఉండవు.

రిటైరయ్యేలోగా ఒక్కరంటే ఒక్కరు తమ కంటికి కనపడిందాన్ని చూసి బొమ్మ వెయ్యాలనీ, కొండల్లేని ఆ బొమ్మ బడి వరండాలో గోడకు వేలాడాలనీ మాస్టారి కోరిక. ప్రమోషన్ అడగలేదు. బందరుకు బదిలీ అడగలేదు. ఈ ఒక్క పిచ్చి మాత్రం వదల్లేదు.

అదృష్టవశాత్తూ ఆ పిచ్చికి లెక్కల మాస్టారు గోవర్ధనరావు గారు అడ్డుగోడలా నిలబడ్డారు. "ఈ ఒక్కసారికి మీ పీరియడ్ ఇస్తారా మాస్టారూ, సిలబస్ మిగిలిపోయింది" అని వారం వారం అడిగేవారు. ఏళ్ళ తరబడి ఆ ఒక్కసారికే అడిగేవారు. కృపానందం గారు వారం వారం ఇచ్చేవారు. దేశం సురక్షితంగా ఉంది.

ఈ ఏడు కొంప మునిగింది. గోవర్ధనరావు గారిని నెల రోజులు గుడివాడలో ట్రైనింగుకు పిలిచారు. తొమ్మిదో తరగతిలో డ్రాయింగ్ పీరియడ్‌లో నిజంగానే డ్రాయింగ్ చెప్పే దుస్థితి దాపురించింది!

మాస్టారు పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. "మీకు తెలిసింది వెయ్యకండర్రా. కనపడింది వెయ్యండి" అన్నారు.

ఎంత ప్రమాదకరమైన మాటో గమనించారా? ఒక కుర్రాడికి వెంటనే సాంకేతిక సమస్య వచ్చింది. "కొండలు వెయ్యకపోతే సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాల్సార్?" అన్నాడు. "ఎక్కడున్నాడో అక్కడే పెట్టరా" అన్నారు మాస్టారు. మొదటి వారం అందరూ కొండలే వేశారు. రెండో వారం కొండలు కాస్త పొట్టివయ్యాయి. నెలాఖరుకు భవిత అనే పిల్ల నేలని నేలలాగే వేసింది. ఆ పిల్ల నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. రోజంతా నీళ్ళకేసి చూడటం ఆ ఇంట్లో అలవాటు. చూసే అలవాటు ఉన్న వాళ్ళకి డ్రాయింగ్ చెప్పడం మరీ ప్రమాదం.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్షన్ వచ్చిపడింది. బందరు నుంచి విద్యాశాఖ అధికారి మేడం గారు వస్తున్నారు, వరండాలో పిల్లల బొమ్మలు పెట్టాలి, అంశం 'మా బడి'. భవిత తన బొమ్మ తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది.

కొండలు లేవు. అడ్డంగా నేలబారు గీత. పొద్దు వాలింది. బడి వెనక చిన్న గది, దానికి తలుపు లేదు. తలుపు ఉండాల్సిన చోట ఒక పిల్ల చున్నీని రెండు చేతులా చాచి పట్టుకుని, మొహం ఇటు తిప్పి నిలబడింది. ఆ పక్కన వరసలో ఇంకో నలుగురు. గోడ వార వాళ్ళ నీళ్ళ సీసాలు. ప్రతి సీసాలోనూ మూత దాకా నీలం రంగు.

మాస్టారు బొమ్మను వెలుగులోకి పట్టుకుని చూశారు. ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన బొమ్మ! ఆ సంతోషంలోనే, మాస్టరన్నాక ఏదో ఒక తప్పు దిద్దాలి కనుక, "పొద్దు వాలింది కదమ్మా, సీసాలు ఖాళీగా ఉండాలి. నిండుగా వేశావేం?" అన్నారు.

"నిండుగానే ఉంటాయి సార్. బళ్ళో తాగం. తాగితే వెళ్ళాల్సొస్తుంది కదా. ఇంటికెళ్ళి తాగుతాం."

రోజూ ఆ గోడ వారే నిలబడి ఒంగి ఫొటో తీస్తారాయన. తన సీసాలో నీళ్ళు ఆ నేల మీద చల్లుతారు. పక్కన నిండు సీసాలు పట్టుకుని తిరిగే పిల్లల్ని ఒక్కనాడూ చూడలేదు. కృపానందం గారికి సిగ్గేసింది. చెప్పానుగా, డ్రాయింగ్ వల్ల ఒనగూడే లాభాలు ఇవే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇన్‌స్పెక్షన్ ముందురోజు కాంతారావు గారు బొమ్మలన్నీ చూస్తూ వచ్చి దీని దగ్గర ఆగిపోయారు.

"ఏంటండీ ఇది?"

"బొమ్మండీ."

"బొమ్మని తెలుస్తోంది లెండి. కొండలేవండీ?"

"మన ఊళ్ళో లేవు కదండీ."

"ఊళ్ళో లేకపోతే బొమ్మలో కూడా ఉండకూడదా?" అన్నారు కాంతారావు గారు. తర్వాత గొంతు తగ్గించారు. "చూడండి మాస్టారూ, నాకేం పిల్లల మీద కోపమా? మీరు పెట్టిన ఫొటోల్లో అంతా బాగుంది. ఇందులో ఇలా ఉంది. మేడం గారు ఏది నమ్మాలి? ఇదిగో, ఈ గది ఉన్నచోట ఓ పెద్ద కొండ వేయించండి. ఆ వెనకాల సూర్యుడు. చక్కగా అమిరిపోతుంది. మీకూ నాకూ పిల్లకీ, అందరికీ మంచిది."

ఎంత సూక్ష్మంగా ఆలోచించారో చూడండి! మన పిల్లలు తరతరాలుగా లేని కొండలు ఎందుకు వేస్తున్నారో నాకు అప్పుడు బోధపడింది. బల్లపరుపు నేల మీద ఏదీ దాగదు. ఏదో ఒకటి అడ్డం పెట్టకపోతే పరిపాలన ఎలా సాగుతుంది?

మాస్టారు భవితను పిలిచారు. పై అధికారి మాట. కుంచె ఇచ్చి, ఆమె మొహం చూడకుండా, "ఈ గది మీద ఒక కొండ వెయ్యాలమ్మా" అన్నారు.

భవిత ఏడవలేదు, అలగలేదు. బొమ్మకేసి చూసి, "నిజంగా కొండే ఉంటే ఎంత బాగుండేది సార్. చాటుకెళ్ళేవాళ్ళం" అంది.

కృపానందం గారు కుంచె వెనక్కి తీసుకున్నారు. కడిగి డబ్బాలో పెట్టేశారు. సాయంత్రం అందరూ వెళ్ళాక తానే మేకు కొట్టి, కొండ లేని ఆ బొమ్మను వరండాలో మేడం గారి కుర్చీకి సరిగ్గా ఎదురుగా తగిలించారు. మెతక మనిషి, ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పనివాడు, వారం వారం పీరియడ్ దానం చేసినవాడు! డ్రాయింగ్ మనిషిని ఎంత చెడగొడుతుందో ఇంతకంటే సాక్ష్యం కావాలా?

మర్నాడు మేడం గారు వచ్చారు. ఆవిడకు దండ వేశారు, ప్రార్థన అయింది. కాంతారావు గారికి బొమ్మ కనపడింది, కానీ అప్పటికే మేడం గారికీ కనపడింది. ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఎవరు వేశారు?"

"నేనేనండీ మేడం" అంది భవిత.

"ఈ చున్నీ పట్టుకున్న అమ్మాయి ఎవరు?"

"ఎవరని లేదండీ మేడం. వంతులు. రోజుకొకళ్ళం."

మేడం గారు తల ఊపారు. "బాగా వేశావమ్మా" అన్నారు. కాంతారావు గారు కంగారుగా కొబ్బరి బొండం కొట్టించి, స్ట్రా వేయించి, తానే స్వయంగా పట్టుకొచ్చారు. "ఎండలో పడి వచ్చారు మేడం, తీసుకోండి."

"వద్దండీ" అన్నారు మేడం గారు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే. "క్యాంపుకొచ్చినప్పుడు నేనేమీ తాగను."

కాంతారావు గారు బొండంతోనే పక్కకి జరిగారు. "పోయినసారి వచ్చిన మేడం గారూ తాగలేదండీ" అన్నారు మెల్లగా, కృపానందం గారితో. "షుగరేమో అనుకున్నాను."

తర్వాత మేడం గారు లోపలికెళ్ళి రిజిస్టరులో రాశారు. యాప్ ప్రకారం మరుగుదొడ్లు సంతృప్తికరం. తొమ్మిదో తరగతి లెక్కల్లో వెనకబడింది కనుక డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు కేటాయించవచ్చు. మొదటి బహుమతి రెండు కొండల బొమ్మకు. సంతకం పెట్టి, పన్నెండు కాకుండానే, గబగబా కారెక్కి బందరు వెళ్ళిపోయారు.

ఇప్పుడు చెప్పండి, నా వాదనలో ఏమన్నా లోపం ఉందా? బొమ్మలో ఉన్న విషయం వేసిన పిల్లకు తెలుసు, వేయించిన మాస్టారికి తెలుసు, హెడ్మాస్టరుకు తెలుసు, మేడం గారికి అందరికంటే బాగా తెలుసు. అందరికీ తెలిసిన దాన్ని మళ్ళీ బొమ్మ వేసి చూపించడం కాలయాపన కాదా? ఆ సమయానికి నాలుగు లెక్కలు చేస్తే మార్కులన్నా వస్తాయి. గోవర్ధనరావు గారు గుడివాడ నుంచి తిరిగొచ్చారు. ఇక ఆ ఒక్కసారికి అడగాల్సిన పని కూడా ఆయనకు లేదు.

ఆ బొండం ఏమైందని అడుగుతారేమో. కాంతారావు గారికి నిజంగానే షుగరు. కృపానందం గారు తనకు వద్దన్నారు. "భవితకివ్వండి, బొమ్మ వేసింది కదా" అన్నారు. కాంతారావు గారు ఆ పిల్లను పిలిచి, "తాగమ్మా, చల్లగా ఉంది" అని చేతికిచ్చారు. భవిత ఆశగానే అందుకుంది. స్ట్రా నోటి దాకా తెచ్చి, వరండాలో గడియారం చూసింది. ఇంకా మధ్యాహ్నం బెల్లు కూడా కొట్టలేదు.

"ఇంటికి పట్టుకెళ్తా సార్" అంది. స్ట్రా తీసి జేబులో వేసుకుని, అంచుకు వేలాడుతున్న చెక్కిన మూతను మళ్ళీ బొండం మీద పెట్టి, ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని లెక్కల క్లాసుకు వెళ్ళింది.