పనసగుడలో తగువుల కరువు

ఆ ఉదయం వరహాలరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెందలాడే జీపెక్కి పనసగుడ చేరుకోవాలి. అరకులో రైలు దిగే ప్రొఫెసర్ సూర్యనారాయణగారిని మాధవి వెంటబెట్టుకుని వచ్చేలోగా ఊరి పెద్దల్ని కూర్చోబెట్టాలి. ఆయన ఒక తగువు తీరడం కళ్ళారా చూస్తారు, కాఫీ తాగుతారు, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతారు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషికి ఇదో పెద్ద పని కాదు.

"మీ ఉద్యోగం అయిపోనాదని ఆ బెల్టుకి ఎవులూ సెప్పనేదేటి?" అంది భార్య నూకరత్నం, ఆయన బెల్టు బిళ్ళని చింతపండుతో తోముతుంటే.

"ఇనస్పెక్షనే రత్నం! పైనుంచి పెద్దాయన వత్తన్నాడు."

"ఆయన వత్తంది ఆ గుంట సదువు సూడ్డానికి. మీ బెల్టు సూడ్డానికి కాదు."

ఆ గుంట, అంటే మాధవి, పనసగుడ గంగ కూతురు. విశాఖలో వీళ్ళింట్లోనే ఉంటూ నేరశాస్త్రం చదివి ఒక కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేస్తోంది. న్యాయ పరిశోధనల సంస్థ ఒకటి ఫెలోషిప్ ఇస్తామంటే దరఖాస్తు పెట్టింది. వస్తే రెండేళ్ళు జీతం, పుస్తకం అచ్చు వేయించడం, పైగా కొత్త ఎస్సైలకు శిక్షణ తరగతులు నడిపే అవకాశం. కొండ ఊళ్ళలో తగువులు పోలీసు స్టేషన్ దాకా రాకుండా ఎలా తీరతాయన్నది ఆమె ఎంచుకున్న విషయం. ప్రొఫెసర్‌గారు ఊరొచ్చి చూసి నివేదిక రాస్తే దాన్నిబట్టి కమిటీ తేలుస్తుంది. ఈసారి రాకపోతే పరిశోధనకి దండం పెట్టి ఏదో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటానని తల్లికి చెప్పేసింది కూడా.

నిజానికి ఆ విషయం ఆమెకి అంటించింది వరహాలరావే. చీపురుపల్లి వైపు నుంచి కుర్ర కానిస్టేబులుగా ఆయన ఈ కొండ ఎక్కినప్పుడు స్టేషనంటే ఒక పెంకుటిల్లు, ఒక లాంతరు, ఎండ కాస్తేనే పలికే వైర్‌లెస్ సెట్టు. వానాకాలమంతా ఒక్క ఫిర్యాదు వచ్చేది కాదు. కుంపట్లో మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటూ, కిటికీలోంచి లోపలికొచ్చే మంచుని చూస్తూ కూర్చునేవాడు. ఎక్కడైనా పెద్దలు సభ చేస్తున్నారంటే నడుచుకుంటూ పోయి, వాళ్ళు పెట్టింది అడ్డాకులో తిని వచ్చేవాడు. అప్పటికి అరకులో రిసార్టులూ లేవు, ఫొటోలకి నిలబడే జనమూ లేరు. ఆ రోజులు మళ్ళీ రావని ఆయనకి తెలుసు. తెలిసినా బెల్టు తోమడం మానలేదు.

పనసగుడలో మంగ్లు, ఫల్గుణ ఎదురొచ్చారు. ఇద్దరూ ఆయనకి వాళ్ళ చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళే.

"ఏరా మంగ్లూ, ఈయేళ తగువేటి?"

"తగువా? నేదు హెడ్డుబాబూ."

"నేకపోడమేటి? సరిహద్దు కాడ గొడవ, మేకలు చేను మెయ్యడం, ఏదో ఒకటి ఉంటాది కదా?"

"ఈ ఏడు వానలు బాగున్నాయి. ఎవులికీ కోపం రానేదు," అన్నాడు ఫల్గుణ, తప్పు చేసినవాడిలా తల వంచుకుని.

వరహాలరావు వెంటనే మాధవికి ఫోన్ చేశాడు.

"లేకపోతే లేదు మావయ్యా. సారు పెద్దలతో మాట్లాడితే చాలు. ఇంకేం చెయ్యకండి," అంది ఆమె.

"అలాగేనమ్మా," అని ఫోన్ పెట్టేశాడు గానీ, ఆయన మనసొప్పలేదు. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన పెద్దాయనకి చూపించడానికి ఏమీ లేకపోవడమా! ఆయన సర్వీసులో పూలమొక్కలు లేకపోతే ముందురోజు పక్క ఆఫీసులోంచి తెచ్చి నాటేవారు. రాళ్ళకి సున్నం కొట్టేవారు. దొంగలు లేకపోతే మాక్ డ్రిల్లు పెట్టి కానిస్టేబులునే దొంగగా పట్టుకునేవారు. అందులో మోసమేమీ ఉన్నట్టు ఆయనకి ఏనాడూ తోచలేదు.

"ఒరే ఫల్గుణా! నీ ఎద్దు మంగ్లు చోడిచేను మేసీసింది. మంగ్లు సభలో సెప్తాడు, నువ్వు ఒప్పుకుంటావు, పెద్ద గాసి తీర్పు సెప్తాడు. అయిపోద్ది. మాక్ డ్రిల్లు రా!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మాక్ డ్రిల్లంటే ఏమిటో తెలియకపోయినా హెడ్డుబాబు మాట తీసెయ్యలేకపోయారు. అంతవరకూ బాగానే ఉండేది. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చోవలసిన సభని, ఫొటో బాగా వస్తుందని చెప్పి, వరహాలరావే ఊరిదేవుడు శంకుదేవుడి రాళ్ళ దగ్గరికి మార్పించాడు. ఆ రాళ్ళ ముందు ఆటకి అబద్ధం ఆడినా అది నిజం తగువై కూర్చుంటుందని పనసగుడవాళ్ళ నమ్మకం. పెద్దాయన వస్తున్న కంగారులో ఆ సంగతి ఆయనకి గుర్తే రాలేదు.

ప్రొఫెసర్‌గారు వచ్చేసరికి ఊరంతా కూర్చుని ఉంది. అది చూసి మాధవి ఆశ్చర్యపోయింది. ఊరి పెద్ద గాసి గొంతు సవరించుకున్నాడు. మంగ్లు రాళ్ళ వైపు చూడకుండా, "ఫల్గుణ ఎద్దు నా చోడిచేను మేసీసింది," అన్నాడు. "మేసింది. తప్పయిపోనాది," అన్నాడు ఫల్గుణ అంతకంటే త్వరగా. వరహాలరావు తృప్తిగా బెల్టు సర్దుకున్నాడు.

అప్పుడే కట్టెల మోపుతో వచ్చింది ఫల్గుణ పెళ్ళాం కనక.

"ఏ ఎద్దు? మనెద్దుని పెదబయలు సంతలో అమ్మీసినాం కదా!"

"నేని ఎద్దు ఎలాగ మేసింది?" అన్నాడు గాసి. అబద్ధం బయటపడకూడదని మంగ్లు, "అయితే అది గంగ ఎద్దు కావాల. సీకట్లో పోల్చుకోనేదు," అన్నాడు.

గంగ చివాలున లేచింది. "నా ఎద్దా? ముక్కుతాడు తెంచుకుని ఒక్క అడుగు ఎయ్యదు నా ఎద్దు! నీ పనసకాయలు నా గట్టు మీద పడితే నేను ఒక్కటైనా ముట్టుకున్నానా? నా మీద నింద ఎడతావా?"

"నీ గట్టేటి? అది మా తాత గట్టు," అంది మంగ్లు తల్లి.

అంతే. రెండేళ్ళుగా ఎవరికీ గుర్తు లేని గట్టు, అరువిచ్చి తిరిగిరాని నాగలి, ఎవరి పెళ్ళిలోనో ఎవరికో వడ్డించని మాంసం, అన్నీ ఒకటొకటిగా లేచి వచ్చాయి. కాసేపట్లో ఊళ్ళో తగువు లేని ఇల్లు లేకుండా పోయింది. ప్రొఫెసర్‌గారు మాత్రం ఆనందంతో పేజీలకు పేజీలు రాసుకుంటున్నారు.

"లేని ఎద్దు మీద కూడా విచారణ! అద్భుతం! ఆ ఎర్రచీర ఆవిడ ఎవరమ్మా?"

"మా అమ్మండి," అంది మాధవి. ఏడుపొక్కటే తక్కువ.

ఆ పిల్ల మొహం చూడలేక వరహాలరావు సభ మధ్యకి ఉరికాడు. "ఆగండర్రా! ఎద్దూ నేదు, సేనూ నేదు! ఇదంతా నేనాడించిన నాటకం!"

గాసి తాపీగా అడిగాడు. "ఎందుకాడించినావు బాబూ?"

"ఈ సారుకి సూపించడానికి."

"ఈ బాబు ఎందుకొచ్చినాడు?"

"తగువు సూడ్డానికి."

"తగువు నేకపోతే?"

వరహాలరావు తన బెల్టు బిళ్ళ వైపు చూసుకున్నాడు. పెద్దలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. తగువు పుట్టించినవాడిదీ, ఎవరి కోసం పుట్టిందో వాడిదీ ఇద్దరిదీ తప్పేనన్నారు. ఇద్దరూ కలిసి మేకని పెట్టాలి, తమ చేతులతో ఊరంతటికీ వడ్డించాలి, అందరూ తిన్నాక తినాలి.

"నేను కూడానా?" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"సారు పెద్దవారు కదా," అని గొణిగాడు వరహాలరావు.

"అందుకే ముందు వడ్డన ఆయనది," అన్నాడు గాసి.

ప్రొఫెసర్‌గారు ప్యాంటు మడిచి, చేతులు కడుక్కుని గరిటె పట్టుకున్నారు. "ఓ బాబూ, పులుసే పోత్తన్నావు, ముక్కలు కూడా ఎయ్యి," అని కనక అంటే ఊరంతా గొల్లుమంది. గట్టు తగువు మంగ్లు తల్లికీ గంగకీ మధ్య ఒకే ఆకులో సగం సగం అయిపోయింది. వేడన్నం తగిలిన అడ్డాకు వాసన రాగానే వరహాలరావు కళ్ళు చెమర్చాయి. కుర్రతనంలో ఆయనకి కొసరి కొసరి వడ్డించినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. వాళ్ళ పిల్లలకి తను వడ్డిస్తున్నాడు. ఇది శిక్ష అని ఎంత అనుకుందామన్నా ఆయనవల్ల కాలేదు.

ఆఖరి ముద్ద తిన్నాక గాసి లేచి నిలబడ్డాడు. "కూడు తిన్నాం. తగువు సచ్చిపోనాది. ఈయేళ జరిగింది ఇంకెవులూ ఎత్తకూడదు. ఎత్తినోడు మళ్ళీ మేకని పెట్టాల."

ప్రొఫెసర్‌గారి చెయ్యి జేబులోని నోట్సు దగ్గర ఆగిపోయింది. ఒక క్షణం ఆలోచించి, రాసుకున్న కాగితాలన్నీ తీసి పొయ్యిలో వేశారు.

"సార్, మరి నివేదిక?" అంది మాధవి జీపు దగ్గర.

"రేపే పంపాలమ్మా. చూసింది రాయకూడదు. చూడనిది నేను రాయలేను," అని ఆయన జీపెక్కేశారు.

మాధవి వరహాలరావు వైపు తిరిగింది. "ఇంకేం చెయ్యకండి అన్నాను కదా మావయ్యా!" ఆపైన ఆమెకి తిట్టాలని చాలా ఉంది గానీ, తిడితే జరిగింది ఎత్తినట్టవుతుంది. ఇద్దరూ మాట్లాడకుండా ఘాటు దిగారు. ఆ నెలంతా వరహాలరావుకి తిండి సహించలేదు. ఆఫీసు ఉద్యోగాల ప్రకటనలు మాధవి ఫోన్లో చూస్తుంటే ఆయన అవతలి గదిలోకి వెళ్ళిపోయేవాడు.

నెల తిరిగాక ఫెలోషిప్ వచ్చిందని ఫోనొచ్చింది. మాధవి నమ్మలేక రెండోసారి అడిగితే కమిటీ అధ్యక్షుడే వివరించారు. మిగతా అభ్యర్థుల నివేదికల నిండా ఫలానా ఊరు, ఫలానా మనిషి, ఫలానా తగువు అని వివరాలే వివరాలట. పాల్గొన్నవారి గుట్టు కాపాడటం పరిశోధనకి మొదటి నియమమని వాళ్ళెవరికీ పట్టలేదట. పనసగుడ నివేదికలో మాత్రం ఊరి పేరు కూడా లేకుండా తేదీ, "ఇక్కడ జరిగినది జరిగినచోటనే ముగిసింది" అన్న ఒక్క వాక్యమూ, సూర్యనారాయణగారి సంతకమూ ఉన్నాయట. ఇంత నిబద్ధత గల పని ఈ మధ్య చూడలేదని అధ్యక్షులు మెచ్చుకున్నారు. మాధవి ఫోన్ పట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది.

కొత్త ఎస్సైల శిక్షణకి మొదటి వక్తగా వరహాలరావునే పిలవాలని ఆమె పట్టుబట్టింది. పనసగుడ అనుభవం చెప్పమని కోరారు. ఆయన గంటసేపు వేదిక మీద నిలబడి ఆనాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎస్సైలందరూ శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు.