గోవర్ధన్ తీసిన నీటిసుడి

అది 1938 వేసవి చివర. గద్వాల నేతవీధిలో గోవర్ధన్ పొద్దున్నే సైకిలుకు కెమెరా కట్టుకున్నాడు. సముద్రంలో సుడిగాలికి స్తంభంలా లేచే నీటిసుడి ఫోటో కావాలని మద్రాసు పత్రికవాళ్లు ప్రకటించారు. గద్వాలకు సముద్రం లేని లోటు కృష్ణా నది తీరుస్తుందని అతని నమ్మకం. ఫోటో పడే గాజు పలక మిగిలింది ఒకే ఒక్కటి. పైగా అన్న మార్కండేయ గడువు పెట్టాడు: ఇవాళ ఫోటో రాకపోతే కెమెరా అమ్మేసి మగ్గంలో కూర్చోవాలి.

ఆ అన్న అప్పుడు వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పట్టిస్తున్నాడు.

"ఏడికి పోతున్నవ్‌రా?"

"తుఫాను ఫోటో తీయనీకె పోతున్న అన్నా."

తమ్ముడు మలుపు తిరిగాక మార్కండేయకు అనుమానం పట్టుకుంది. పెళ్లి కుదరనిదే పెళ్లి ఫోటోకు ఎవడైనా పోతాడా? "తుఫాను ఒస్తున్నదంట! పడుగులు ఎత్తుండ్రి!" అని కేకేశాడు. వీధి వీధంతా తడి పడుగులను చుట్టచుట్టి ఇళ్లలో పెట్టుకుంది. బయట ఎండ మాడ్చేస్తోంది. మధ్యాహ్నానికి పోగులన్నీ గంజికి అంటుకుపోయి పడుగులు చెడ్డాయి. జనం మార్కండేయ మీద పడ్డారు. అతను వాళ్లను మూడు బండ్లెక్కించి తమ్ముడి మీదికి తోలుకుపోయాడు. మరిదిని కొట్టనివ్వకూడదని వదిన చంద్రకళ కూడా ఎక్కింది.

ఏటి ఒడ్డున గోవర్ధన్ కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి కాచుకున్నాడు. వెనకనుంచి హోరు వినిపించింది, దుమ్ము వచ్చి పడింది. సుడిగాలి అటునుంచే వస్తోందనుకుని, తల తీయకుండానే కెమెరాను అటు తిప్పాడు.

సరిగ్గా అప్పుడే అతని వెనక, నడి ఏట్లో, తాటిచెట్టంత నీటిస్తంభం లేచింది. కర్రలు పట్టుకుని ఉరికొస్తున్నవాళ్లు నోళ్లు తెరుచుకుని ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు. గోవర్ధన్ మీట నొక్కాడు.

"ఎనకకు జూడు గోవర్ధన్!" అని చంద్రకళ అరిచింది. అతను చూసేసరికి ఏరు మామూలుగా పారుతోంది. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

"రేపు పొద్దుగాల మగ్గంల కూసో," అన్నాడు మార్కండేయ.

పలక కడిగి ఫోటో అచ్చు తీస్తే పన్నెండు మంది నేతగాళ్లు తేలారు. అందరికన్నా ముందు మార్కండేయ, పసిపిల్లాడిలా కళ్లింత చేసుకుని ఉన్నాడు. చంద్రకళ ఆ ఫోటోను చేతిలోంచి వదల్లేదు.

"ఇరవై ఏండ్ల సంది కాపురం జేస్తున్న. నీ మొఖం గింత సల్లగ ఎన్నడు జూడలే. కెమెరా అమ్మితె నేను ఊకోను."

మార్కండేయ తన మొహం తాను చాలాసేపు చూసుకున్నాడు. "సరే తియ్. మగ్గం నేనే నేస్త," అన్నాడు.

తక్కిన పదకొండు మందీ చెడిన పడుగుకు బదులు తలా ఒక ఫోటో పట్టుకుపోయి ఇంట్లో తగిలించుకున్నారు. ఆ ఏడు ఆ వీధిలో గోవర్ధన్ తీసిన పెళ్లి ఫోటోలన్నింటిలోనూ పెళ్లికొడుకు కావాలనే నోరు తెరుచుకుని ఉన్నాడు.